కత్తెరా, కట్టరా, మెషీనా? కాగితం పనికి ఏది కొనాలి

గ్రీటింగ్ కార్డులు, ఆల్బమ్‌లు, కవర్లు ఇంట్లోనే చేసుకుందామని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు కొనేది పంచ్‌ల సెట్టు, రంగురంగుల టేపులు, మెరుపు పెన్నులు. పని చెడేది మాత్రం వాటి దగ్గర కాదు. అంచు వంకరగా వస్తుంది, మడత దగ్గర కార్డు పగులుతుంది, అతికించిన కాగితం ముడతలు పడుతుంది. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. కోయడం, మడవడం, అతికించడం, ఈ మూడింటి మీద మొదట డబ్బు పెట్టండి. అలంకారం సామాను తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ఏ వస్తువు కొనాలన్నా రెండు సంగతులు తేల్చుకుంటే చాలు. మీరు వాడే కాగితం ఎంత మందం? ఒకే రకం ముక్కలు ఎన్ని కావాలి? పాప మొదటి పుట్టినరోజు ఆల్బమ్ ఒక్కటి చేసేవాళ్లకీ, గృహప్రవేశానికి వంద కార్డులు చేసేవాళ్లకీ ఒకే పనిముట్టు సరిపోదు.

మందం సంగతి ముందు చూద్దాం. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని జీఎస్ఎం. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 ఉంటుంది. కార్డు చేతిలో నిలబడాలంటే 200 దాటాలి. శుభలేఖలకు వాడే అట్ట 250, 300 దాకా పోతుంది. షాపులో 'మందం చార్టు ఇవ్వండి' అని కాకుండా జీఎస్ఎం అడిగి తీసుకోండి. ఒకే పేరుతో అమ్మే చార్టుల్లోనే ఒక షాపుకీ ఇంకో షాపుకీ మందం తేడా ఉంటుంది.

డబ్బు ఆదా కావాలంటే ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లండి. పెద్ద షీట్లు కోశాక మిగిలే అంచు ముక్కలు అక్కడ కట్టలుగా పడి ఉంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు. ఒక్కటే జాగ్రత్త. నున్నగా మెరిసే ఆర్ట్ కార్డుకు పైన పూత ఉంటుంది. దాని మీద స్టాంపు ఇంకు త్వరగా ఆరదు, నీళ్ల జిగురు సరిగ్గా పట్టదు, మడత దగ్గర ఆ పూత పగిలి తెల్లగా కనిపిస్తుంది. కార్డుల పనికి పూత లేని కాగితమే అడగండి.

కోత

కత్తెర వంపులకు, కట్టరు సూటి గీతలకు. ఈ తేడా పాటిస్తే సగం వృథా ఖర్చు తప్పుతుంది. ఎంత మంచి కత్తెరతోనైనా A4 షీటు పొడవునా కోస్తే, కత్తెర మూసి తెరిచిన ప్రతిచోటా అంచు మీద చిన్న మెట్టు వస్తుంది. కార్డు మీద కార్డు పేర్చినప్పుడు ఆ మెట్లన్నీ కనిపిస్తాయి.

కత్తెర కొనేటప్పుడు పెద్దదొకటి, మొన సన్నగా ఉన్న చిన్నదొకటి తీసుకోండి. వంపు కోసేటప్పుడు కత్తెర పట్టిన చెయ్యి కదలకూడదు. రెండో చేత్తో కాగితాన్ని తిప్పుతూ పోవాలి. పువ్వులు, ఆకులు కోసేవాళ్లకు ఈ అలవాటు ఎంత ఖరీదైన కత్తెరకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. కాగితం కోసే కత్తెరతో డబుల్ టేపు కోయొద్దు. జిగురు బ్లేళ్లకు పట్టుకుని కాగితాన్ని లాగేస్తుంది. టేపుకు పాత కత్తెర విడిగా పెట్టుకోండి. జిగురు పట్టేసిందా, దూది మీద శానిటైజర్ వేసి తుడిస్తే పోతుంది.

సూటి కోతకు కట్టరు, స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్ మూడూ ఒక జట్టు. ఒకటి లేకపోతే మిగతా రెండూ పనిచెయ్యవు. ప్లాస్టిక్ స్కేలు పెట్టి కోస్తే బ్లేడు స్కేలు అంచునే చెక్కేస్తుంది, ఆ తర్వాత ఆ స్కేలుతో గీసిన గీత కూడా సూటిగా రాదు. స్టీలు స్కేలు కింద జారకుండా సన్నని రబ్బరో, రెండు చోట్ల మాస్కింగ్ టేపు ముక్కలో అతికించుకుంటే చెయ్యి తెగే భయం బాగా తగ్గుతుంది. కార్డులకు 9 మిల్లీమీటర్ల బ్లేడు ఉన్న సన్న కట్టరు, ఆల్బమ్ అట్టలకు వాడే మిల్లు బోర్డుకు 18 మిల్లీమీటర్ల పెద్ద కట్టరు. మిల్లు బోర్డును ఒక్క గీతతో తెంపాలని బలం పెట్టొద్దు. అదే గీత మీద తేలిగ్గా నాలుగైదు సార్లు గీస్తే అంచు శుభ్రంగా వస్తుంది, కట్టరు పక్కకు జారదు.

ముక్కలుగా విరిచే బ్లేడు ఉన్న ఈ కట్టరును 1956లో జపాన్‌లో యోషియో ఒకాడా తయారుచేశారు. మొన మొద్దుబారగానే విరిచి, పదునున్న కొత్త మొనతో పని సాగించడమే ఆయన ఆలోచన. మన ఇళ్లలో మాత్రం అదే మొన తుప్పు పట్టేదాకా వాడతాం, కాగితం చిరిగితే కాగితాన్నే అంటాం. కోసిన అంచున నూగు కనిపించిందంటే బ్లేడు విరవాల్సిన టైమ్ వచ్చినట్టే. చేత్తో కాకుండా పట్టకారుతో విరిచి, ఆ ముక్కను పాత రేకు డబ్బాలో వేయండి. చెత్తబుట్టలో పడేస్తే చెత్త తీసేవాళ్ల చేతులు తెగుతాయి.

మ్యాట్ విషయంలో A3 కొనండి. A4 మ్యాట్ మీద A4 షీటు పెడితే స్కేలుకీ చేతికీ చోటుండదు. మన ఎండలకు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఈ మ్యాట్లు వేడికి వంగిపోతాయి, వంగినది మళ్లీ చదును కావడం కష్టం. మే నెలలో కారులో వదిలెయ్యడం, ఎండ పడే కిటికీ పక్కన ఆనించి పెట్టడం, దాని మీద వేడి టీ గ్లాసు పెట్టడం వద్దు. నిలబెట్టకుండా పరిచి ఉంచాలి. మ్యాట్ బదులు వంటింటి గ్రానైట్ బండ మీద కోస్తే రెండు గీతలకే బ్లేడు పదును పోతుంది.

ఇక ట్రిమ్మర్లు. బ్లేడు పట్టాలో జరిగే చిన్న ట్రిమ్మరు ఒకటీ రెండూ షీట్లకు చాలా బాగుంటుంది, కొత్తవాళ్లకు కట్టరుకన్నా భద్రం. కొనేముందు రెండు విషయాలు చూడండి. దీనికి విడి బ్లేళ్లు దొరుకుతాయా? దొరక్కపోతే ఎంత తక్కువ ధరైనా వదిలెయ్యండి. కోత పొడవు ఎంత? 12 అంగుళాల స్క్రాప్‌బుక్ షీటు పట్టాలంటే కనీసం 31 సెంటీమీటర్లు ఉండాలి. ఫొటో స్టూడియోల్లో కనిపించే పెద్ద కత్తి ట్రిమ్మరు మందం కార్డును సులువుగా కోస్తుంది. కానీ కాగితాన్ని నొక్కిపట్టే పట్టీ లేకపోతే కత్తి దిగేకొద్దీ షీటు పక్కకు జరిగి కోత వాలుగా వస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు. గుండ్రటి బ్లేడు దొర్లే రోటరీ ట్రిమ్మరు ఈ రెండిటికన్నా ఖరీదు, పల్చటి కాగితం మీద మాత్రం దాని కోత అందం వేరు.

వంద కార్డులు కోయాలా? అయితే ఏ ట్రిమ్మరూ కొనకండి. కొలతలు రాసుకుని షీట్లు ప్రెస్సుకు తీసుకెళ్తే వాళ్ల కటింగ్ మెషీన్ మీద కట్ట మొత్తం ఒక్కసారే కోసిస్తారు. అన్ని అంచులూ ఒకేలా ఉంటాయి, మీ భుజం నొప్పి పుట్టదు.

మడత

చేత్తో చేసిన కార్డుకూ షాపు కార్డుకూ తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. జిరాక్స్ కాగితాన్ని చేత్తో మడిచేయొచ్చు. 200 జీఎస్ఎం దాటిన దాన్ని ముందు గాడి పెట్టకుండా మడిస్తే మడత మీద నారలు తెగి గరుకుగా కనిపిస్తాయి. గాడి పెట్టడానికి బోన్ ఫోల్డర్ అనే నున్నటి పలక లాంటి పనిముట్టు అమ్ముతారు, ఉంటే మంచిదే. లేకపోతే ఇంకు అయిపోయిన బాల్ పెన్ను దాదాపు అంతే పని చేస్తుంది. స్కేలు పక్కన గట్టిగా ఒక గీత లాగండి. వెనక్కి తిప్పి చూస్తే సన్నగా గట్టు తేలి ఉంటుంది. మడిచినప్పుడు ఆ గట్టు కార్డు లోపలి వైపు ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి, గాడి లోపలికి వచ్చేలా మడుస్తారు. అప్పుడు బయటి పొర సాగి పగులుతుంది.

కాగితానికి నార ఏ దిశలో ఉందన్నది ఇంకో ముఖ్యమైన విషయం. మిల్లులో గుజ్జు జల్లెడ మీద పరుగెత్తేటప్పుడు నారలు ఎక్కువగా ఆ పరుగు దిశలోనే పడుకుంటాయి. కాగజ్‌నగర్‌లో తయారైనా, సారపాకలో తయారైనా మిల్లు కాగితమంతా ఇంతే. నార వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. షీటును విరగకుండా మెల్లగా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే ఆ మడత నార వెంబడి ఉన్నట్టు.

దీనివల్ల కార్డు సైజు ఎంపిక కూడా మారుతుంది. A4 షీట్లలో నార చాలావరకు పొడవు దిశలో ఉంటుంది. అలాంటి షీటును సగానికి మడిచి A5 కార్డు చేస్తే మడత నారకు అడ్డం పడుతుంది. అదే షీటును ముందు రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను సగానికి మడిచి A6 కార్డు చేస్తే మడత నార వెంబడే వస్తుంది. ఒకే షీటుకు రెండు కార్డులూ అవుతాయి. మందం కార్డుతో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను A6 చెప్పేది అందుకే. A5 కావాలంటే షీట్లను వంచి చూసి ఎంచుకోండి, లేదా పెద్ద షీటు కొని నార చూసుకుని కోయించండి.

స్కోరింగ్ బోర్డు అని వరుసగా గాళ్లున్న పలక అమ్ముతారు. కవర్లు, పెట్టెలు ఎక్కువగా చేసేవాళ్లకు అది నిజంగా పనికొస్తుంది, ప్రతిసారీ కొలిచే పని తప్పుతుంది. అప్పుడప్పుడు ఒక కార్డు చేసేవాళ్లకు అక్కర్లేదు. నలుపు, మెరూన్ లాంటి ముదురు రంగుల మీద ఫోల్డరుతో రుద్దితే మెరుపు చార పడుతుంది, మధ్యలో పల్చటి కాగితం పెట్టి రుద్దండి.

జిగురు

అన్నిటికీ ఒకే ఫెవికాల్ అన్నది మన అలవాటు. గట్టిదనంలో దానికి తిరుగు లేదు, అట్టకు అట్ట అతికించడానికి అదే వాడండి. కానీ అందులో నీళ్లుంటాయి. పల్చటి కాగితం ఆ నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఒక్కోచోట ఒక్కోలా ముడుచుకుంటుంది. ముడతలకు కారణం ఇదే. కాబట్టి తెల్ల జిగురును బ్రష్షుతోనో పాత ఏటీఎం కార్డు ముక్కతోనో పల్చగా లాగి, అతికించాక పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచాలి.

గ్లూ స్టిక్ పల్చటి కాగితాలకు మంచిది, ముడతలు తక్కువ. దానితో అతికించిన మందం కార్డు మాత్రం కొన్నాళ్లకు అంచుల దగ్గర లేస్తుంది. మూత సరిగ్గా పెట్టకపోతే ఎండాకాలంలో అది రాయిలా గట్టిపడుతుంది. కార్డు మీద కార్డు పొరలు పేర్చడానికి నా ఓటు డబుల్ టేపుకే. నీళ్లు లేవు, ఆరే టైమ్ అక్కర్లేదు, ముడత రాదు. ఒకసారి అంటితే జరపలేమన్నదే ఇబ్బంది. దానికి ఉపాయముంది. టేపు పై కాగితాన్ని మొత్తం తీసెయ్యకుండా మూలల దగ్గర కొంచెం మాత్రమే లాగి బయటికి మడవండి. ముక్కను చోటులో సర్దుకున్నాక ఆ కొసలు పట్టుకుని మిగతాది లాగేయండి. పువ్వు గాని పేరు గాని పైకి తేలినట్టు కనిపించాలంటే అదే పద్ధతిలో ఫోమ్ టేపు వాడొచ్చు.

గ్లూ గన్ పూసలకు, చెక్కకు, గుడ్డ పువ్వులకు. కాగితం పొరల మధ్య అది గడ్డలుగా ఉండిపోతుంది. ఫెవిక్విక్ లాంటివి కాగితంలోకి ఇంకి మరక చేస్తాయి, కార్డు పనికి వాడొద్దు. గాలిపటాలకు, గోడ పోస్టర్లకు వాడే మైదా జిగురు పిల్లల ఆటలకు భేషుగ్గా ఉంటుంది. దాచుకునే ఆల్బమ్‌కు మాత్రం పనికిరాదు. పిండి ఉన్నచోటికి పురుగు వస్తుంది, తేమ ఉన్నచోట బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ, కోనసీమ వైపు వానాకాలంలో పని చేసేవాళ్లు నీళ్ల జిగురు మరీ తగ్గించి టేపు వైపు మొగ్గితే మంచిది. గాలిలో తేమకే అక్కడ కాగితం సగం వంగి ఉంటుంది.

పంచ్‌లు, డైలు, కంప్యూటర్ మెషీన్లు

రెండో ప్రశ్న, ఎన్ని ముక్కలన్నది, ఇక్కడ పనికొస్తుంది. ఒకే గుండ్రం, ఒకే పువ్వు చాలా కావాలంటే పంచ్ చాలు. ఒక పంచ్ ఒకే ఆకారం, ఒకే సైజు ఇస్తుంది, కాగితం అంచు నుంచి కొంత దూరమే లోపలికి పోతుంది. మందం కార్డు పెడితే ఇరుక్కుంటుంది. మొద్దుబారితే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు మడతలు వేసి కొన్నిసార్లు నొక్కండి, కొంత పదును తిరిగొస్తుంది. సెట్టు కొనొద్దు. గుండ్రం ఒకటి, మూలలు గుండ్రంగా చేసేది ఒకటి కొంటే ఏళ్ల తరబడి ఆ రెండే ఎక్కువ వాడతారు.

చేత్తో తిప్పే డై మెషీన్‌కు కరెంటు, కంప్యూటరు అక్కర్లేదు. లోహపు డైని కాగితం మీద పెట్టి రోలర్ల మధ్య నుంచి పంపితే ఆ ఆకారం తెగుతుంది. ఉబ్బెత్తు డిజైన్లు కూడా దీని మీద వస్తాయి. అసలు ఖర్చు మెషీన్‌ది కాదు, డైలది. ప్రతి కొత్త ఆకారానికీ కొత్త డై కొనాలి. లేసు అంచులు, ఆకులు, పువ్వులు మళ్లీ మళ్లీ వాడేవాళ్లకు ఇది సరైనది.

క్రికట్, సిల్హౌట్ కమియో, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ లాంటి కంప్యూటర్ మెషీన్లు కోరిన ఆకారం కోస్తాయి. కొనేవాళ్లు ముందు చూడాల్సింది మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. క్రికట్ తన సొంత డిజైన్ స్పేస్‌తోనే నడుస్తుంది. సిల్హౌట్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ ఎస్‌వీజీ ఫైళ్లను (బొమ్మను గీతల ఆకారాలుగా దాచే ఫైళ్లు) తెరవదు, దానికి డబ్బు కట్టి పై ఎడిషన్ తీసుకోవాలి. స్కాన్‌ఎన్‌కట్‌లో స్కానర్ ఉంటుంది కాబట్టి కాగితం మీద చేత్తో వేసిన ముగ్గును స్కాన్ చేసి కోయొచ్చు. మెషీన్ ధర వేలల్లో ఉంటుంది, అక్కడితో ఆగదు. బ్లేళ్లు, కోసేటప్పుడు కాగితాన్ని పట్టి ఉంచే జిగురు మ్యాట్లు అరిగేకొద్దీ కొంటూనే ఉండాలి. ఫ్యాను గాలికి వచ్చే దుమ్ముకే ఆ మ్యాట్ల జిగురు పోతుంది, పని కాగానే పైన ప్లాస్టిక్ షీటు కప్పండి.

తెలుగు అక్షరాలు కోయాలనుకుంటే మెషీన్ కొనే ముందే ఒక విషయం తెలుసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరం చాలావరకు ఒకే ముక్క. మన దగ్గర వత్తు కింద విడిగా ఉంటుంది, కొన్ని ఫాంట్లలో తలకట్టు కూడా అక్షరానికి అంటదు. 'శుభాకాంక్షలు' అని కోస్తే ముక్కలు ముక్కలుగా రాలుతుంది. పైగా మెషీన్ సాఫ్ట్‌వేర్‌లోనే నేరుగా టైప్ చేస్తే వత్తులు, గుణింతాలు చెదిరిపోవచ్చు. నమ్మకమైన దారి ఇది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, అక్షరాలను పాత్‌గా, అంటే గీత ఆకారాలుగా మార్చి, వత్తులను కొంచెం పైకి జరిపి అక్షరానికి తగిలేలా చేసి, అన్నిటినీ ఒకటిగా కలిపి ఎస్‌వీజీగా దాచుకోవాలి. ఫాంటు లావుగా ఉండాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్న రామభద్ర ఈ పనికి బాగా కుదురుతుంది. అక్షరాన్ని స్టెన్సిల్‌గా, అంటే లోంచి రంగు పూసే ఖాళీగా కోస్తే ఇబ్బంది ఇంకోలా వస్తుంది. మన గుండ్రటి అక్షరాల లోపలి భాగం ఊడి పడిపోతుంది, దాన్ని పట్టి ఉంచడానికి చిన్న వంతెనలు గీయాలి.

ఈ శ్రమంతా ఏడాదికి రెండుసార్లు చేసే కార్డుల కోసమైతే మెషీన్ వద్దు. రబ్బరు స్టాంపులు చేసే దుకాణానికి మీకు నచ్చిన తెలుగు అక్షరాలు ప్రింటు తీసి ఇవ్వండి, అదే ఆకారంలో స్టాంపు చేసిస్తారు. మెషీన్ ధరలో అది లెక్కలోకే రాదు, ప్రతి కార్డు మీదా ఒకే తీరుగా పడుతుంది.

ఫొటోలు దాచే ఆల్బమ్‌కు

కార్డు నాలుగు రోజులు ఉంటుంది, షష్టిపూర్తి ఆల్బమ్ మనవల దాకా ఉండాలి. ఇక్కడ మాత్రం చవక చూడొద్దు. కాగితం, జిగురు, టేపు అన్నీ ఆసిడ్ ఫ్రీ అని రాసి ఉన్నవే తీసుకోండి. ఫొటోల పక్కన వాడదగినవో కాదో చెప్పే పరీక్ష ఒకటి ఉంది, ఐఎస్ఓ 18916. ఆ పరీక్షలో నెగ్గిందని ప్యాకెట్ మీద ఉంటే ధీమాగా కొనొచ్చు. ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి వద్దు, పాలీప్రొపిలీన్‌వి అడగండి. సెల్లోటేపు పసుపెక్కి మరక వదులుతుంది. తాతల కాలం నాటి నలుపు తెలుపు ఫొటోకు అసలు జిగురే తగలనివ్వొద్దు, నాలుగు మూలలకూ ఫొటో కార్నర్లు పెట్టి వాటిని పేజీకి అతికించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫొటో బయటికి వస్తుంది. ఒక్కటే కాపీ ఉన్న ఫొటో అయితే స్కాన్ తీసి ప్రింటు అతికించడం ఇంకా మంచిది. అందులోంచి ఏదీ కోయొద్దు.

ఆల్బమ్ సైజు విషయంలో 12 అంగుళాల చదరం చూసి మనసు పడేవాళ్లు ఎక్కువ. అమెరికా స్క్రాప్‌బుకింగ్ సామానంతా ఆ కొలతతోనే నడుస్తుంది. అక్కడ ఉండేవాళ్లు అదే తీసుకోవచ్చు. ఇక్కడ A4 తీసుకుంటే కాగితం, ప్లాస్టిక్ కవర్లు, ఫైలు, ప్రింటరు అన్నీ వీధి చివరి షాపులో దొరుకుతాయి.

మొదటి విడతలో 9 మిల్లీమీటర్ల కట్టరు, స్టీలు స్కేలు, A3 మ్యాట్, చిన్న కత్తెర, డబుల్ టేపు, పూత లేని 220 నుంచి 250 జీఎస్ఎం కార్డు చాలు. నెలకు పది కార్డులు దాటాక ట్రిమ్మరు, కవర్లు చేయడం మొదలయ్యాక స్కోరింగ్ బోర్డు. మెషీన్ గురించి, ఇవన్నీ వాడి ఏది చేత్తో చేయలేకపోతున్నారో స్పష్టంగా తెలిశాక ఆలోచించండి.

పిల్లలకు కట్టరు ఇవ్వొద్దు, మొన గుండ్రంగా ఉన్న కత్తెర ఇవ్వండి, కానీ పదునున్నదే ఇవ్వండి. మొద్దు కత్తెరతో బలం ఎక్కువ పెట్టాలి, అప్పుడే జారుతుంది. ఎడమచేతి వాటం పిల్లలుంటే వాళ్లకు ఎడమచేతి కత్తెర విడిగా కొనండి. మామూలు కత్తెరను ఎడమ చేత్తో నొక్కితే బ్లేళ్లు ఒకదానికొకటి దూరం జరిగి కాగితం తెగకుండా మధ్యలో మడతపడిపోతుంది, కోసే గీత కూడా పై బ్లేడు చాటున పడి కనిపించదు. ఎడమచేతి కత్తెరలో బ్లేళ్లు తిరగేసి ఉంటాయి. పిడి ఆకారం మాత్రమే మార్చి రెండు చేతులకూ పనికొస్తుందని అమ్మేవాటికి అలా ఉండవు, కొనేముందు ఏ బ్లేడు పైన ఉందో చూడండి. ఎడమ చేత్తో పట్టినప్పుడు పైకి వచ్చే బ్లేడు ఎడమ వైపున ఉండాలి.